గండి పడకముందే...

గుండె రక్తనాళం పూడుకుపోతే స్టెంట్ వేస్తారని అందరికీ తెలుసు. మరి రక్తనాళం పూడుకుపోకుండా ఉబ్బిపోతే? ఒంట్లోకెల్లా పెద్ద రక్తనాళానికి కొలతలు తీసి, కిటికీలు పెట్టి, చేత్తో కుట్టిన గుడ్డ గొట్టాన్ని లోపల తొడుగుతున్నారిప్పుడు. అదీ పొట్ట కోయకుండా!

2024 సెప్టెంబరు 30న రజనీకాంత్ చెన్నైలోని అపోలో ఆసుపత్రిలో చేరారు. అభిమానులు కంగారుపడ్డారు. మర్నాడు ఆసుపత్రి ఓ ప్రకటన విడుదల చేసింది. గుండె నుంచి బయల్దేరే ప్రధాన రక్తనాళంలో వాపు ఉందనీ, శస్త్రచికిత్స లేకుండా సన్నటి గొట్టం ద్వారా స్టెంట్ అమర్చి ఆ వాపును పూర్తిగా మూసేశామనీ అందులో ఉంది. 73 ఏళ్ల మనిషి వారం తిరక్కుండానే ఇంటికెళ్లిపోయారు. 'రజనీకి గుండెలో స్టెంట్ వేశారట' అని మన ఇళ్లలోనూ చెప్పుకున్నారు.

నిజానికి అది గుండెలో వేసే స్టెంట్ కాదు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. గుండె నాళాల్లో వేసేది మహా అయితే మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుండే లోహపు జాలీ. పూడుకుపోయిన దారిని తెరిచి పట్టుకోవడం దాని పని. ఇక్కడ వాడేది బొటనవేలికంటే లావుగా విచ్చుకునే గుడ్డ గొట్టం. వంకీలు తిరిగిన లోహపు తీగలను ఆ గుడ్డకు కుట్టేస్తారు. ఉబ్బి పలచబడిన నాళం లోపల రక్తానికి కొత్త దారి వేయడం దాని పని. అందుకే దాన్ని స్టెంట్ గ్రాఫ్ట్ అంటారు. మొదటిది ఇరుకైన దారికి మందు. రెండోది, వెడల్పైపోయిన దారికి.

పెద్దకాలువ... పిల్లకాలువలు

ఆ పెద్ద రక్తనాళం పేరు అయోర్టా. మన పాఠ్యపుస్తకాల్లో బృహద్ధమని అని చదువుకున్నాం. గుండె ఎడమ గది నుంచి పైకి లేస్తుంది. చేతికర్ర పిడిలా వంపు తిరుగుతుంది. వెన్నెముకను ఆనుకుని ఛాతీలోంచి పొట్టలోకి దిగి, దాదాపు బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్ల వైపు వెళ్లిపోతుంది. దారి పొడవునా దాన్నుంచి కొమ్మలు చీలుతూనే ఉంటాయి. వంపు దగ్గర తలకూ చేతులకూ... ఛాతీలో వెన్నుపాముకు సన్నసన్నటివి... పొట్టలోకి రాగానే కాలేయానికీ జీర్ణాశయానికీ ఒకటి, పేగులకు మరొకటి, ఆ కిందే రెండు కిడ్నీలకూ చెరొకటి. కృష్ణా డెల్టాలోనో సాగర్ ఆయకట్టులోనో పుట్టినవాళ్లకు బొమ్మ గీసి చెప్పక్కర్లేదు. పెద్దకాలువ, దాని గట్టున తూములు, తూము తూముకీ ఓ పిల్లకాలువ. ఆ పిల్లకాలువ మీద ఆధారపడ్డ పొలమే కిడ్నీ, పేగు, కాలేయం.

పొట్టలో ఈ నాళం వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. వయసుతోపాటు గోడలో సాగే గుణం తగ్గి, ఎక్కడో ఒకచోట బలహీనపడుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం అక్కడ గోడను తోస్తుంది. పాత సైకిలు టైరు చిరిగినచోట ట్యూబు బుడగలా బయటికి తోసుకురావడం చూసే ఉంటారు. అలాంటిదే. వెడల్పు 3 సెంటీమీటర్లు దాటితే దాన్ని అన్యూరిజం అంటారు. ఇందులో ఓ చిక్కుంది. బుడగ ఎంత పెద్దదైతే దాని గోడ మీద అంత ఒత్తిడి పడుతుంది. ఒత్తిడి పెరిగితే ఇంకా ఉబ్బుతుంది. తనంతట తాను తగ్గడమన్నది దాదాపు ఉండదు.

నొప్పి ఉంటే మనిషి డాక్టరు దగ్గరికి వెళ్తాడు. దీనికి చాలాసార్లు నొప్పే ఉండదు. కొందరికి పడుకున్నప్పుడు పొట్టలో ఏదో టకటకా కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. ఎక్కువమందికి అదీ తెలీదు. కిడ్నీలో రాయి కోసమో ప్రొస్టేట్ కోసమో స్కానింగ్‌కి వెళ్తే బయటపడుతుంది. అలా బయటపడనివాళ్లకు మొదటి లక్షణమే ఆఖరి లక్షణం కావచ్చు. నడుములోనో పొట్టలోనో ఒక్కసారిగా భరించలేని నొప్పి, చెమటలు, స్పృహ తప్పడం. గండి పడిందన్నమాట. అలా పగిలినవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది దాకా దక్కరు. సగంమంది ఆసుపత్రి గుమ్మం కూడా చేరరు.

అరవై అయిదు దాటిన మగవాళ్లకు ముప్పు ఎక్కువ. పొగతాగే అలవాటు అన్నింటికంటే పెద్ద కారణం. సిగరెట్టా, బీడీయా, చుట్టా అన్న తేడా అయోర్టాకు తెలీదు. రక్తపోటు తోడైతే సరేసరి. తండ్రికో అన్నకో ఉంటే మిగతావాళ్లకూ వచ్చే అవకాశం పెరుగుతుంది. విచిత్రమేమంటే, అన్ని రోగాలకూ మూలమని తిట్టుకునే షుగరు ఉన్నవాళ్లలో పొట్టలోని అన్యూరిజం కాస్త తక్కువగానే కనిపిస్తుంది. పరిశోధకులు దాని గుట్టు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. (ఇది చదివి స్వీటు డబ్బా తెరవకండి. షుగరు గుండె నాళాలను ఒదలదు.) మనదేశంలో టకయాసు అనే రక్తనాళాల వాపు జబ్బువల్లా, ఇన్‌ఫెక్షన్లవల్లా వయసులో ఉన్నవాళ్లకూ వస్తుంటుంది.

సెల్లోఫేన్ చుట్టిన మేధావి

ఉబ్బిన అయోర్టాను ఏం చేయాలో చాలాకాలం ఎవరికీ తెలీదు. 1948 డిసెంబరులో న్యూయార్క్‌లో ఓ రోగి పొట్ట తెరిచిన డాక్టర్ రుడాల్ఫ్ నిస్సెన్‌కు పెద్ద అన్యూరిజం కనిపించింది. కోసి తీసే మార్గం అప్పటికి లేదు. దాంతో ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టి కుట్లేశారు. అది చుట్టూ ఉన్న కణజాలాన్ని రేపి, మచ్చ కట్టించి, గోడను గట్టిపరుస్తుందని ఆశ. ఆ రోగి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్! ఆ కాగితంతోనే ఆయన ఇంకో ఆరేళ్లు దాటి బతికారు. 1955 ఏప్రిల్లో ఉబ్బు పగిలింది. అప్పటికి శస్త్రచికిత్స కొంత ముందుకెళ్లింది, చేస్తామన్నారు కూడా. ఆయన ఒద్దన్నారు. కృత్రిమంగా ఆయుష్షు పొడిగించుకోవడం తనకు ఇష్టంలేదన్నారు. ఏప్రిల్ 18న కన్నుమూశారు.

అంతకు నాలుగేళ్ల ముందే, 1951లో పారిస్‌లో షార్ల్ డ్యుబో అనే సర్జన్ ఉబ్బిన భాగాన్ని కోసేసి, చనిపోయిన వ్యక్తి నుంచి తీసిన రక్తనాళాన్ని అక్కడ అతికించారు. కానీ అలాంటి నాళాలు ఎన్ని దొరుకుతాయి? అమెరికాలోని హ్యూస్టన్‌లో డాక్టర్ మైఖేల్ డిబేకీ ఓ బట్టల దుకాణానికి వెళ్లి నైలాన్ అడిగారు. అయిపోయింది, డేక్రాన్ ఉందన్నారు. అదే తెచ్చుకుని ఇంట్లో భార్య కుట్టుమిషన్ మీద గొట్టంలా కుట్టారు. అమ్మ దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న కుట్టుపని! ఇవాళ్టికీ అయోర్టా ఆపరేషన్లలో వాడే గుడ్డ ఎక్కువగా ఆ జాతిదే. కాలం చేసే చమత్కారం చూడండి... 2005 చివరిరోజున, 97 ఏళ్ల వయసులో ఆయన అయోర్టాయే చీలింది. 2006 ఫిబ్రవరిలో, ఆయన దారి వేసిన శస్త్రచికిత్సనే ఆయన సహచరులు ఆయనకు చేశారు. బతికి, మరో రెండేళ్లకు పైగా గడిపారు.

అయితే ఆ ఆపరేషన్ మామూలుది కాదు. పొట్ట నిలువునా తెరవాలి. పేగులు పక్కకు జరపాలి. అయోర్టాకు క్లాంపు వేసి రక్తం ఆపాలి. గుండె, ఊపిరితిత్తులు గట్టిగా ఉన్నవాళ్లు తట్టుకుంటారు. కానీ ఈ జబ్బు వచ్చేదే డెబ్భై ఏళ్లు పైబడి, పొగతాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు కదా! ఎవరికి అవసరమో వాళ్లే తట్టుకోలేరు.

గజ్జలోంచి దారి

ఈ చిక్కుముడిని విప్పినవాళ్లు ఇద్దరు, ప్రపంచపు రెండు మూలల్లో. సోవియట్ కాలంలో, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో నికొలాయ్ వొలొదోస్ తానే తయారుచేసుకున్న స్టెంట్ గ్రాఫ్ట్‌ను 1987లో ఓ రోగి ఛాతీలోని అయోర్టాలో అమర్చారు. రష్యన్‌లో రాసిన ఆ సంగతి పాశ్చాత్య దేశాలకు చాలాకాలం తెలీనేలేదు. 1990 సెప్టెంబరులో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో జువాన్ పరోడి, పొట్టలోని అన్యూరిజానికి అదే పని చేశారు. తొడ మొదట్లోని ధమనిలోంచి మడిచిన గుడ్డ గొట్టాన్ని పైకి పంపి, ఉబ్బు లోపల విప్పారు. గొట్టం పై చివర ఉబ్బుకు ఎగువన మంచి గోడను పట్టుకుంటే చాలు. రక్తం గొట్టంలోంచే పోతుంది. ఉబ్బిన సంచిలో ఒత్తిడి తగ్గుతుంది. పరోడి 1991లో దీన్ని ప్రచురించాక ప్రపంచం నమ్మింది. 1999లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి పరికరాలకు అనుమతిచ్చింది.

ఇంతకీ ఇది మంచిదేనా? బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగుల మీద చేసిన ఓ ప్రఖ్యాత అధ్యయనం 2004లో జవాబిచ్చింది. మొదటి నెలలో మరణాలు... పొట్ట కోస్తే నూటికి 4.7, స్టెంట్ గ్రాఫ్ట్ వేస్తే 1.7. తేడా చాలా ఉంది. ఆ కథకు రెండో భాగం కూడా ఉంది, దాని దగ్గరికి తరవాత వద్దాం.

తూములు మూసుకుపోతే?

ఇక్కడిదాకా చెప్పుకున్నది సులువైన కేసు. అందులో కిడ్నీల కొమ్మలకు దిగువన, ఉబ్బు మొదలయ్యేలోపు కనీసం సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లు మంచి గోడ మిగిలి ఉంటుంది. డాక్టర్లు దాన్ని 'మెడ' అంటారు. గొట్టం పట్టుకునేది అక్కడే.

ఆ మెడే లేకపోతే? ఉబ్బు కిడ్నీల తూములదాకా పాకితే? ఇంకా పైకి, పేగుల తూమునూ కాలేయం తూమునూ మింగేసి ఛాతీలోకి వెళ్లిపోతే? గొట్టాన్ని ఎగువన ఉన్న మంచి గోడదాకా జరపడం పెద్ద కష్టం కాదు. కానీ పెద్దకాలువలో అంత పొడవునా గొట్టం వేసేస్తే దాని వెనక తూములన్నీ మూసుకుపోతాయి. రెండు కిడ్నీలూ పోతాయి. పేగులకు రక్తం ఆగితే మనిషి ఒకట్రెండు రోజులు కూడా నిలవడు. అన్యూరిజం నుంచి కాపాడబోయి మనిషిని పోగొట్టుకున్నట్టే.

అందుకే ఇలాంటివాటికి 'కాంప్లెక్స్ అన్యూరిజం' అని పేరు. చాలా ఏళ్లపాటు వీటికి కత్తి ఒక్కటే దారి. ఎడమ చంక కింద నుంచి పొట్ట దాకా కోత. ఈ శస్త్రచికిత్సలో హ్యూస్టన్ సర్జన్ స్టాన్లీ క్రాఫర్డ్‌ను మించినవాళ్లు లేరంటారు. ఆయన ఆపరేషన్ చేసిన 1,509 మంది రోగుల లెక్క 1993లో అచ్చయింది. నెలలోపు నూటికి ఎనిమిదిమంది చనిపోయారు. నూటికి పదహారుమందికి కాళ్లు పూర్తిగానో కొంతో చచ్చుబడ్డాయి. ఆ రోజుల్లో ప్రపంచంలోనే గొప్ప చేతులు సాధించిన ఫలితం అది!

దీనికి ఉపాయం ఎవరికైనా తట్టేదే. గొట్టానికి తూములున్నచోట చిల్లులు పెడితే సరి! పెట్టడమే కష్టం. 1990ల్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో సర్జన్ మైఖేల్ లారెన్స్ బ్రౌన్, ఆయన సహచరుడు డేవిడ్ హార్ట్‌లీ ఆ పని మీద కూర్చున్నారు. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టిమ్ చూటర్ మరో అడుగు వేసి, చిల్లులకు బదులు పొట్టి పిల్లగొట్టాలే ఉన్న గ్రాఫ్ట్‌తో ఛాతీకీ పొట్టకూ పాకిన ఉబ్బును సరిచేసి చూపించారు. క్లీవ్‌లాండ్‌లో రాయ్ గ్రీన్‌బెర్గ్ ఈ పద్ధతులను వందలమంది రోగుల్లో వాడి, ఇది ఒకరిద్దరు చేసే గారడీ కాదని నిరూపించారు. ఆయన 2013లో, యాభై కూడా నిండకుండానే కేన్సర్‌తో చనిపోయారు. కిటికీలున్న తొలి గ్రాఫ్ట్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2012లో.

దర్జీ కొలతలు

రెడీమేడ్ చొక్కా ఒకటో రెండో అంగుళాలు అటూఇటూ అయినా తొడుక్కోవచ్చు. ఇక్కడ మిల్లీమీటర్ల తేడా కూడా కుదరదు. ఏ ఇద్దరి అయోర్టాలూ ఒక్కలా ఉండవు. కుడి కిడ్నీ తూము ఒకరికి పైన ఉంటే ఇంకొకరికి కింద. కొందరికి ఒక్కో కిడ్నీకి రెండేసి కొమ్మలు. అందుకే ముందు సన్నసన్నటి పొరలుగా సీటీ యాంజియో తీస్తారు. దాన్ని కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మగా మార్చి, నాళం వంపుల మధ్యగా ఓ గీత గీసి, దాని వెంబడి కొలుస్తారు. తూముకీ తూముకీ మధ్య దూరం మిల్లీమీటర్లలో. తూము ఏ వైపు ఉందో మాత్రం గడియారం లెక్కలో! పేగుల తూము పన్నెండు గంటల దగ్గర, ఎడమ కిడ్నీది దాదాపు మూడు గంటల దగ్గర, కుడిది తొమ్మిదికి అటూఇటూ... ఇలా రాసి పంపుతారు.

ఆ కాగితాన్ని బట్టి గ్రాఫ్ట్ కుడతారు. కుడతారంటే అక్షరాలా కుట్టడమే. ఈ రంగంలో పేరున్న కుక్ కంపెనీ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఒక్కో రోగి కోసం విడిగా గ్రాఫ్టులు తయారుచేస్తుంది. నేసిన పాలిస్టర్ గొట్టానికి తీగల వంకీలను చేత్తో ఒక్కో కుట్టూ వేస్తూ బిగిస్తారు. కిటికీ అంచున తీగ చుట్టు వేసి, ఎక్స్‌రేలో కనిపించేలా చిన్న బంగారపు గుర్తులు పెడతారు. ఆ గుర్తులే లేకపోతే కిటికీ ఎటు తిరిగిందో డాక్టరుకు తెలిసేదెలా?

అయోర్టా గోడ తూముకు దగ్గరగా ఉన్నచోట కిటికీ సరిపోతుంది. ఉబ్బు వెడల్పై, గొట్టానికీ తూముకూ మధ్య ఖాళీ ఎక్కువ ఉంటే పిల్లగొట్టం కావాలి. ఒకే గ్రాఫ్ట్‌లో రెండూ కలిపి కుట్టించడమూ ఉంది.

చీకటి గదిలో దారం ఎక్కించినట్టు

ఆపరేషన్ రోజున గది సగం ఆపరేషన్ థియేటర్, సగం ఎక్స్‌రే గది. సీసపు కోట్లు తొడుక్కున్న బృందం. రోగికి చాలావరకు పూర్తి మత్తే ఇస్తారు. రెండు గజ్జల్లోనూ తొడ ధమనిలోకి సూదితో దారి చేసి, అందులోంచి తీగ, తీగ మీదుగా 6 నుంచి 8 మిల్లీమీటర్ల వెడల్పుండే తొడుగు, దాని లోపల పిడికెడు కూడా లేకుండా నలిచి పెట్టిన గ్రాఫ్ట్. పైకి చేరాక సగమే విప్పుతారు. వెనకవైపు ఓ సన్నటి తీగతో దాన్ని బిగించి ఉంచడం ఇందులో కిటుకు. పూర్తిగా విచ్చుకుంటే గోడకు అంటుకుపోయి ఇక కదలదు. సగం విచ్చుకుంటే అటూఇటూ తిప్పి కిటికీని తూముకు ఎదురుగా తెచ్చుకోవచ్చు.

ఆ తరవాతే అసలు ఓపిక. గ్రాఫ్ట్ లోపలి నుంచి సన్నటి తీగను కిటికీలోంచి బయటికి తీసి, ఎదురుగా ఉన్న కిడ్నీ ధమనిలోకి ఎక్కించాలి. కంటికి కనిపించేది తెర మీద నీడలే. రక్తం మాత్రం ఆగకుండా పారుతూనే ఉంటుంది. సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడే మనకు ఆ పని ఊహకందదు. ఒక్కో తూములోకీ గుడ్డ తొడిగిన చిన్న స్టెంట్ పంపి, లోపలివైపు అంచును బెలూన్‌తో బాకాలా విప్పుతారు. అప్పుడు కిటికీకీ స్టెంట్‌కూ మధ్య సందు ఉండదు. నాలుగు తూములూ అయ్యాక బిగించిన తీగ లాగేస్తారు. గ్రాఫ్ట్ పూర్తిగా విచ్చుకుని గోడను పట్టుకుంటుంది. మొత్తం నాలుగైదు గంటలు పట్టడం మామూలే. ఎక్స్‌రేలో నాళాలు కనపడటానికి వాడే మందు కిడ్నీలకు భారం కాబట్టి దాన్నీ పొదుపుగా వాడాలి.

ఇంత చేసినా ఓ భయం ఒదలదు. వెన్నుపాముకు రక్తమిచ్చే సన్నటి కొమ్మలకు కిటికీలు పెట్టడం కుదరదు. ఛాతీ నుంచి పొట్టదాకా పొడవైన గ్రాఫ్ట్ వేస్తే అవన్నీ దాని వెనక ఉండిపోతాయి. కాళ్లు చచ్చుబడే ముప్పు ఈ పద్ధతిలోనూ ఉంది. దాన్ని తగ్గించడానికే పెద్ద ఉబ్బులను ఒక్కరోజులో పూర్తిచేయకుండా కొన్ని రోజుల, వారాల తేడాతో రెండు మూడు విడతలుగా చేస్తారు. ఈలోగా పక్కనున్న చిన్న నాళాలు వెన్నుపాముకు వేరే దారిలో రక్తం అలవాటు చేస్తాయి. ఆపరేషన్ తరవాత రక్తపోటును కావాలనే కాస్త ఎక్కువగా ఉంచుతారు. కొందరికి నడుము దగ్గర సన్నటి గొట్టం పెట్టి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవాన్ని కొద్దికొద్దిగా తీస్తారు. 'ఒకటి రెండు గంటలకోసారి కాళ్లు కదపమని ఎందుకు విసిగిస్తున్నారు' అని ఐసీయూలో విసుక్కునే రోగికి జవాబు ఇదే. కాళ్లలో బలం తగ్గినట్టు అప్పుడే కనిపెడితే చాలాసార్లు వెనక్కి తేవచ్చు.

కుట్టేలోపు పగిలితే?

కొలత ఇచ్చి కుట్టించుకోవడంలో ఉన్న పెద్ద లోటు కాలం. గ్రాఫ్ట్ తయారై చేతికందడానికి వారాలు పడుతుంది, రెండు నెలలు దాటడమూ ఉంది. ఆ వారాలు రోగి ఇంట్లో బుడగను మోసుకుని తిరగాలి. నొప్పి మొదలైనవాళ్లకు అంత గడువు ఉండదు. అందుకే నాలుగు పిల్లగొట్టాలు ముందే కుట్టి సిద్ధంగా ఉండే గ్రాఫ్టులు వచ్చాయి. అమెరికాలో అలాంటిదాన్ని గోర్ కంపెనీ తయారుచేస్తే 2024 జనవరిలో అనుమతి దొరికింది. అందరి శరీరాలకూ అది సరిపోదు, అయినా అత్యవసరంలో చేతిలో ఒకటి ఉన్నట్టు. ఇంకొందరు సర్జన్లు మామూలు గ్రాఫ్ట్‌ను ఆపరేషన్ బల్ల మీదే విప్పి, సీటీ కొలతలు చూసుకుంటూ తామే కిటికీలు కోసి, మళ్లీ మడిచి లోపలికి పంపుతారు. అనుభవం పండినవాళ్లు మాత్రమే చేయాల్సిన పని అది.

ఖర్చు కూడా చిన్నది కాదు. విదేశాల నుంచి వచ్చే గ్రాఫ్ట్, ఒక్కో తూముకీ విడిగా స్టెంట్. లక్షల్లోనే. బిల్లులో డాక్టరు ఫీజుకంటే, గదికంటే పరికరానిదే పెద్ద వాటా. బీమా ఉన్నవాళ్లు అమర్చే పరికరానికి పాలసీలో పరిమితి ఉందో లేదో గ్రాఫ్ట్‌కు ఆర్డరు పెట్టకముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మేలు. ఒకరి కొలతలకు కుట్టింది ఇంకొకరికి పనికిరాదు కదా!

చేయించాలా, వద్దా?

ఇప్పుడు ఆ రెండో భాగం. అదే బ్రిటన్ అధ్యయనాన్ని పదిహేనేళ్లు కొనసాగించి 2016లో ఫలితాలు చెప్పారు. మొదట్లో కనిపించిన లాభం కొన్నేళ్లకు కరిగిపోయింది. ఎనిమిదేళ్లు దాటాక అన్యూరిజం కారణంగా పోయినవాళ్లు స్టెంట్ గ్రాఫ్ట్ వేయించుకున్నవాళ్లలోనే ఎక్కువ! కుట్టి అతికించిన గుడ్డ అక్కడే ఉంటుంది. లోపల తొడిగిన గొట్టం ఏళ్లు గడిచేకొద్దీ జరగొచ్చు, కీలు ఊడొచ్చు, సందుల్లోంచి సంచిలోకి రక్తం కారొచ్చు. ఈ కారడాన్ని ఎండోలీక్ అంటారు. అందుకే నెల తిరిగాక ఒకసారి, ఆ తరవాత ఏడాదికోసారి స్కాన్ అని డాక్టరు చెప్పేది మొక్కుబడి మాట కాదు. నెలకు చేసే మొదటి స్కాన్ బాగుంది కదా అని తరవాతివి మానేసేవాళ్లే మళ్లీ అత్యవసర విభాగానికి వస్తారు. కాంప్లెక్స్ గ్రాఫ్ట్‌లో అతుకులు ఎక్కువ, కాబట్టి కాపలా కూడా ఎక్కువ కావాలి. వయసులో చిన్నవాళ్లు, గుండె ఊపిరితిత్తులు బాగున్నవాళ్లకు ఇవాళ్టికీ చాలామంది నిపుణులు కోత ఆపరేషనే నయమంటారు. 'కోత లేదు' అన్న ఒక్క మాటకే మొగ్గడం సరికాదు.

ఇంకో చివర ఉన్నవాళ్ల సంగతి మరీ కష్టం. బ్రిటన్‌లోనే మరో అధ్యయనం, కోతకు తట్టుకోలేనంత బలహీనుల మీద జరిగింది. స్టెంట్ గ్రాఫ్ట్ వేస్తే అన్యూరిజం పగిలి చనిపోవడం తగ్గింది. మొత్తం ఆయుష్షు మాత్రం పెరగలేదు. గుండో, ఊపిరితిత్తులో, మరొకటో ఈలోగా తీసుకుపోయాయి. ఎనభై రెండేళ్ల తండ్రి 'నాకొద్దురా, ఇలాగే పోనివ్వండి' అంటాడు. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌లో 'డబ్బు గురించి ఆలోచించకండి నాన్నా, చేయించేద్దాం' అంటాడు. తల్లి ఎవరి మాటా కాదనలేక కూర్చుంటుంది. మన ఇళ్లలో ఈ మాటలు ఆసుపత్రి వరండాలోనే ఎందుకు జరగాలి? ఎన్ని సెంటీమీటర్లుంది, ఏడాదిలో ఎంత పెరిగింది, పగిలే ముప్పు ఎంత, ఆపరేషన్‌లో ముప్పు ఎంత, మీ ఆసుపత్రిలో ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు... ఈ అయిదు ప్రశ్నలూ తండ్రి ఎదుటే డాక్టరును అడిగితే సగం గొడవ అక్కడే తేలిపోతుంది. ఆఖరి ప్రశ్నకు డాక్టరు నొచ్చుకుంటారేమో అని మొహమాటపడక్కర్లేదు. ఎక్కువ చేసినచోట ఫలితాలు బాగుంటాయన్నది ఈ చికిత్సలో అందరూ ఒప్పుకున్న విషయం.

పైగా కనిపించిన ప్రతి ఉబ్బుకూ చికిత్స అక్కర్లేదు. పొట్టలోనిది మగవాళ్లకు 5.5, ఆడవాళ్లకు 5 సెంటీమీటర్లు దాటేదాకా, నొప్పి లేకపోతే, వేగంగా పెరగకపోతే ఆగుతారు. అంతకంటే చిన్నవాటికి ముందే ఆపరేషన్ చేస్తే ఆయుష్షు పెరుగుతుందేమోనని బ్రిటన్‌లో, అమెరికాలో విడివిడిగా చూశారు. పెరగలేదు. ఆ ఎదురుచూపులో చేయాల్సిన పెద్ద పని పొగ మానడం. రక్తపోటు అదుపులో ఉంచుకోవాలి. ఇంకోటి మన దగ్గర మరీ ముఖ్యం... జ్వరానికీ విరేచనాలకూ మందుల దుకాణంలో అడిగి వేసుకునే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్‌లు అయోర్టా చీలడానికి, పగలడానికి దోహదం చేయవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. అన్యూరిజం ఉన్నవాళ్లు ఆ సంగతి ప్రతి డాక్టరుకూ ముందే చెప్పాలి.

బ్రిటన్‌లో 65 ఏళ్లు నిండే ప్రతి మగవాడినీ ప్రభుత్వమే పిలిచి ఒక్కసారి పొట్ట స్కానింగ్ చేస్తుంది. పది నిమిషాల పని, సూది కూడా గుచ్చరు. 3 నుంచి 4.4 సెంటీమీటర్ల దాకా ఉంటే ఏడాదికోసారి, 4.5 నుంచి 5.4 దాకా ఉంటే మూడు నెలలకోసారి మళ్లీ రమ్మంటారు. అంతకు మించితే సర్జన్ దగ్గరికి. మన దేశంలో అలాంటి జాతీయ కార్యక్రమం లేదు. కానీ ఊరూరా స్కానింగ్ సెంటర్లున్నాయి. వేరే దేనికోసమో తీయించిన పొట్ట స్కాన్ రిపోర్టులు ఇంటి బీరువాలో ఉండే ఉంటాయి. రాళ్ల లెక్క ఒక్కటే చూసి పక్కన పెట్టేసిన ఆ కాగితంలో 'అయోర్టా' అన్న మాట పక్కన ఏ అంకె ఉందో ఒకసారి తీసి చూడొచ్చు.